సముద్రపు ఒడ్డున సరదా... ఖర్చు ఎవరి ఖాతాలో?

మొన్న ఆదివారం పొద్దున్నే మా కింది వాటా ఆవిడ మెట్లెక్కి పైకి వచ్చింది. చేతిలో ఖాళీ గిన్నె ఉంది గానీ పంచదార కోసం రాలేదని మొహం చూస్తేనే తెలిసింది. కుర్చీలో కూలబడి, "అక్కా, మా పోరి ఏమంటున్నదో విన్నరా? దోస్తులతోని స్పెయిన్ పోతదట. ఆడ ఏదో ద్వీపం ఉన్నదట. రాత్రంత పాటలు, డాన్సులు, తెల్లారేదాంక తాగుడేనట. మీరన్న జెర చెప్పుండ్రి" అంది.

ఆ అమ్మాయికి ఇరవయ్యారేళ్ళు. గచ్చిబౌలిలో ఉద్యోగం. ఇంటి అప్పులో సగం వాయిదా తనే కడుతోంది. సాయంత్రం ఆ పిల్ల కూడా పైకి వచ్చింది. "ఆంటీ, తమ్ముడు ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు గోవా పోతే అమ్మ మురుకులు చేసి డబ్బా నింపి పంపింది. నేను నా పైసలతో పోతానంటే ఇంట్లో పొయ్యి వెలగలేదు. మీరే అమ్మకు చెప్పాలి" అంది.

ఇలా తల్లీకూతుళ్ళిద్దరూ నా గుమ్మమే ఎక్కారు. ఒకరు ఆపమంటారు, ఒకరు ఒప్పించమంటారు. ఇద్దరికీ అప్పుడు జవాబు చెప్పలేకపోయాను. నాలుగు రోజులు ఆలోచించాను, కొంత చదివాను. ఇది మా వాటాలో గొడవ మాత్రమే కాదు, ఈ రోజుల్లో చాలా ఇళ్ళలో నడుస్తున్న గొడవ. అందుకే మీతో పంచుకుంటున్నాను.

ఏమిటా దీవులు?

మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు చెందిన బాలియారిక్ దీవులున్నాయి. వాటిలో మయోర్కా, ఇబిజా పేరు మోసినవి. మయోర్కాలోని మగలుఫ్ అనే ఊరు తాగుడు విహారాలకు ప్రసిద్ధి. ఇబిజా రాత్రి క్లబ్బులకు ప్రసిద్ధి. గ్రీసులో క్రీట్ ద్వీపం మీద మాలియా, సైప్రస్‌లో ఆయియా నాపా కూడా ఈ కోవలోవే.

ఇవన్నీ పుట్టుకతో విలాస నగరాలేమీ కావు. చేపలు పట్టుకుని, ఆలివ్, బాదం తోటలు పెంచుకుని బతికిన పల్లెలు. 1960ల నుంచి చౌక విమానాలు, చౌక హోటళ్ళు వచ్చాయి. ఉత్తర ఐరోపాలో చలికి ముడుచుకుని బతికే కుర్రకారు వారం రోజుల ఎండ కోసం ఇక్కడికి దిగడం మొదలైంది. ఇబిజా ద్వీపాన్ని 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. కానీ అక్కడికి వెళ్ళే కుర్రకారులో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

మొత్తం బాలియారిక్ దీవుల జనాభా సుమారు 12 లక్షలు. 2023లో ఆ దీవులకు వచ్చిన యాత్రికులు సుమారు 1 కోటీ 78 లక్షలు. అంటే ఇంట్లో నలుగురుంటే, ఏడాదిలో అరవై మంది చుట్టాలు వచ్చి వెళ్ళినట్టు. ఆ చుట్టాల్లో కొందరు తాగి వాకిట్లో పడి ఉంటే ఇంటి ఇల్లాలి పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి.

అక్కడి ప్రభుత్వానికి కూడా చివరికి విసుగొచ్చింది. 2020 జనవరిలో మగలుఫ్, ప్లాయా దె పాల్మా, ఇబిజాలోని శాన్ ఆంటోనియో ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఒకటి కొంటే ఒకటి ఉచితమని మద్యం అమ్మకూడదు. గుంపులుగా బారు నుంచి బారుకు తిప్పే యాత్రలు నడపకూడదు. రాత్రి తొమ్మిదిన్నర దాటాక దుకాణాల్లో మద్యం అమ్మకూడదు. తాగిన మైకంలో హోటల్ బాల్కనీ మీంచి ఈత కొలనులోకి దూకి ప్రాణాలు పోగొట్టుకునే పిచ్చి కూడా అక్కడ ఉంది. ఆ దూకుడుకి 6 వేల నుంచి 60 వేల యూరోల దాకా జరిమానా అన్నారు. 2024లో ఈ ప్రాంతాల్లో వీధిలో తాగినవాళ్ళకి కూడా జరిమానా పెట్టారు.

"చూసిండ్రా, వాళ్ళే వద్దంటున్నరు" అంది కింది వాటా ఆవిడ ఈ సంగతులు చెబితే. నిజమే. కానీ వాళ్ళు వద్దన్నది తాగుడు వ్యాపారాన్ని. ఆడపిల్ల రావడాన్ని కాదు. ఈ రెండిటికీ తేడా ఉంది.

నేరం ఒకరిది, శిక్ష ఇంకొకరికి

తల్లి భయం ఉత్త భయం కాదని చెప్పే కథ ఒకటి ఆయియా నాపాలో జరిగింది.

2019 జులైలో 19 ఏళ్ళ బ్రిటిష్ అమ్మాయి ఒకతె ఆ ఊళ్ళో హోటల్ గదిలో తన మీద సామూహిక అత్యాచారం జరిగిందని పోలీసులకు ఫిర్యాదు చేసింది. విహారానికి వచ్చిన 12 మంది ఇజ్రాయెల్ కుర్రాళ్ళను అరెస్టు చేశారు. పది రోజులు తిరగకముందే పోలీసులు ఆ అమ్మాయిని మళ్ళీ పిలిచారు. పక్కన లాయరు లేకుండా గంటల తరబడి ప్రశ్నించారు. చివరికి ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం చేసింది. కుర్రాళ్ళను వదిలేశారు. అబద్ధపు ఫిర్యాదు చేసిందని ఆ పిల్ల మీదే కేసు పెట్టారు! నెల రోజులకు పైగా జైల్లో ఉంది. 2019 డిసెంబర్ 30న కోర్టు ఆమెను దోషి అంది. వారం తర్వాత నాలుగు నెలల జైలు శిక్ష వేసి, దాన్ని అమలు చేయకుండా నిలిపింది. ఆ రోజు కోర్టు బయట నినాదాలిచ్చిన స్త్రీలలో ఇజ్రాయెల్ నుంచి విమానమెక్కి వచ్చినవాళ్ళూ ఉన్నారు.

ఆ అమ్మాయి వదల్లేదు. 2022 జనవరి 31న సైప్రస్ సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2025 ఫిబ్రవరి 27న యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం ఇంకో అడుగు ముందుకేసింది. సైప్రస్ అధికారులు ఆమె ఫిర్యాదును సరిగ్గా దర్యాప్తు చేయలేదనీ, ఆడవాళ్ళ నడవడి గురించి ముందే ఏర్పరచుకున్న అభిప్రాయాలతో బాధితురాలినే తప్పుపట్టే ధోరణి చూపారనీ తేల్చింది. 20 వేల యూరోల నష్టపరిహారం ఇమ్మంది. అప్పటికి అయిదున్నరేళ్ళు గడిచాయి. ఆ కాలమంతా ఆమె వెనుక తల్లి నిలబడింది. కోర్టుకు వెంట వెళ్ళింది. నలుగురి ముందు కూతురి తరఫున మాట్లాడింది.

ఇదేదో దూరదేశపు వింత అనుకోకండి. మన గోవాలో అంజునా తీరాన 2008 ఫిబ్రవరిలో 15 ఏళ్ళ బ్రిటిష్ బాలిక శవం దొరికింది. నీళ్ళలో మునిగి చనిపోయిందన్నారు పోలీసులు. తల్లి పట్టుబట్టి రెండోసారి శవపరీక్ష చేయించింది. ఒంటి నిండా దెబ్బలున్నాయని అప్పుడు బయటపడింది. అప్పుడు కూడా చాలామంది 'పిల్లను ఒంటరిగా వదిలి ఎందుకెళ్ళింది?' అని తల్లినే నిలదీశారు. కింది కోర్టు 2016లో ఇద్దరు నిందితులనూ వదిలేస్తే, 2019లో బొంబాయి హైకోర్టు ఒకరిని దోషిగా తేల్చి పదేళ్ళ శిక్ష వేసింది.

అంత దూరం కూడా వద్దు. 2022 మే 28న మన జూబ్లీహిల్స్‌లో, పట్టపగలు, ఒక పార్టీ నుంచి బయటికి వచ్చిన మైనర్ బాలికను కారులో తీసుకెళ్ళి అఘాయిత్యం చేశారు. ఆ వార్త చదివిన రోజు మా వీధిలో నేను విన్న మొదటి మాట, "అసలు ఆ పిల్ల అక్కడికెందుకు పోయింది?"

సైప్రస్‌లో పోలీసులు అడిగిందీ అదే, మా వీధి అడిగిందీ అదే.

గది సర్దే చేతులు

ఈ సరదా దీవుల్లో ఉండే ఆడవాళ్ళు సరదాకి వచ్చినవాళ్ళు మాత్రమే కాదు. రాత్రంతా గంతులేసి వచ్చిన గదుల్ని పొద్దున్నే శుభ్రం చేసేదెవరు? వాంతులు కడిగేదెవరు? పరుపులెత్తి దుప్పట్లు మార్చేదెవరు?

స్పెయిన్‌లో హోటల్ గదులు శుభ్రం చేసే స్త్రీలు తమను 'కెల్లీస్' అని పిలుచుకుంటారు. 'శుభ్రం చేసేవాళ్ళం' అనే అర్థం వచ్చే స్పానిష్ మాటను కుదించి పెట్టుకున్న పేరది. వాళ్ళే సంఘం కట్టారు. రోజుకు లెక్కకు మించి గదులు, ప్రతి గదిలో బరువైన మంచాలు వంగి జరపాలి. నడుములు విరుగుతున్నాయి, చేతులు తిమ్మిరెక్కుతున్నాయి. నొప్పి మాత్ర వేసుకుని పనికి వెళ్ళడం వాళ్ళకు మామూలు. ఏళ్ళ తరబడి పోరాడితే 2018లో వాళ్ళ చేతుల జబ్బుల్ని వృత్తి వ్యాధులుగా గుర్తించారు. 2022లో బాలియారిక్ ప్రభుత్వం హోటళ్ళలో పైకి లేచే మంచాలు పెట్టాలని చట్టం చేసింది. వంగకుండా దుప్పటి మార్చుకోవచ్చు. చిన్న మార్పే. కానీ ఆ మంచం కోసం ఎంతమంది నడుములు అరిగాయో!

ఇంకో సంగతి. ఇబిజాలో ఇళ్ళన్నీ యాత్రికులకు అద్దెకిచ్చేస్తుంటే అక్కడే పనిచేసేవాళ్ళకు తలదాచుకునే చోటు దొరకడం లేదు. వ్యాన్లలో, గుడారాల్లో కాపురాలు పెడుతున్నారు. 2024 జులైలో మయోర్కా ముఖ్యపట్టణం పాల్మాలో వేలాదిమంది రోడ్డెక్కారు. 'యాత్రికులు రావద్దు' అని కాదు, 'మేం బతికే చోటు మాకుంచండి' అని.

మన దగ్గర? 2025 డిసెంబర్ 6 అర్ధరాత్రి గోవాలోని అర్పోరాలో ఒక నైట్ క్లబ్ అంటుకుని 25 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది విహారానికి వచ్చినవాళ్ళు కాదు, వంటింట్లోనూ కింది అంతస్తులోనూ చిక్కుకుపోయిన పనివాళ్ళు. పొట్ట చేతపట్టుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు.

అందుకే కింది వాటా అమ్మాయితో అన్నాను: "అమ్మడూ, నువ్వు వెళ్ళు, వెళ్ళకపో, అది నీ ఇష్టం. కానీ నీ సరదా చౌకగా దొరికిందంటే, మిగిలిన ఖర్చు ఇంకొకరి నడుం మీద పడుతోందని గుర్తుంచుకో. గది వదిలేటప్పుడు కాస్త సర్ది వెళ్ళు. ఆ మనిషికి రెండు యూరోలు పెట్టి వెళ్ళు."

రాత్రి ఎవరిది?

మా గుడిమల్కాపూర్ పూల మార్కెట్ చూసినవాళ్ళకు ఒక సంగతి తెలుస్తుంది. ఊరు నిద్రలో ఉండగానే అక్కడ బంతీ, చామంతీ, గులాబీల బస్తాలు దిగుతుంటాయి. ఆ చీకట్లో బుట్టలు చంకనెత్తుకుని, ఆటోల్లో ముగ్గురు నలుగురు కలిసి వచ్చే ఆడవాళ్ళను రోజూ చూస్తాను. బేరమాడతారు, మగవాళ్ళతో సమానంగా గొంతు పెంచుతారు, తెల్లారేసరికి తమ గల్లీల్లో మూరల లెక్కన పూలమ్ముతూ కూర్చుంటారు. వాళ్ళను చూసి 'ఈ వేళకు ఆడదానికి బయటేం పని?' అని ఎవరూ అనరు. రాత్రి డ్యూటీ చేసే నర్సును అనం. కంపెనీ క్యాబులో అర్ధరాత్రి దిగే అమ్మాయిని ఇప్పుడు అనడం మానేశాం. జీతం వస్తోంది కదా!

పనికైతే రాత్రి ఆడదాన్ని క్షమిస్తాం. సరదాకైతే క్షమించం. గుట్టు ఇదే.

2009 జనవరిలో మంగళూరులో పబ్బుకు వెళ్ళిన అమ్మాయిల్ని కొట్టుకుంటూ బయటికి లాగిన దృశ్యం టీవీల్లో దేశమంతా చూసింది. 2018లో నిందితులందరూ కోర్టు నుంచి నిర్దోషులుగా బయటికి వచ్చారు. మన సినిమాలు చూడండి. 2018లో వచ్చిన 'ఈ నగరానికి ఏమైంది'లో నలుగురు కుర్రాళ్ళు తాగి గోవా వెళ్ళిపోతే హాయిగా నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఆ నలుగురూ అమ్మాయిలైతే నవ్వేవాళ్ళమా? 2014 నాటి హిందీ 'క్వీన్'లో పెళ్ళి ఆగిపోయిన అమ్మాయి ఒంటరిగా పారిస్, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళడమే అంత పెద్ద కథ అయిందంటే, అది ఇంకా మనకు మామూలు విషయం కాలేదనే కదా.

2017 ఫిబ్రవరిలో విశాఖ తీరంలో 'బీచ్ లవ్ ఫెస్టివల్' జరుపుతారన్న వార్త వచ్చినప్పుడు మహిళా సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. అది జరగలేదు. ఆడవాళ్ళ ఒంటిని చూపి యాత్రికుల్ని పిలవొద్దన్న మాట న్యాయమైనదే. కానీ ఆ గొడవలో ఇంకో ప్రశ్న వెనక్కి పోయింది. ఆంధ్ర తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. అందులో రాత్రి ఎనిమిది తర్వాత నలుగురు ఆడపిల్లలు ధైర్యంగా కూర్చుని అలల చప్పుడు వినగల చోట్లు ఎన్ని? లైట్లు, మరుగుదొడ్లు, ఈతగాళ్ళు, పిలిస్తే పలికే మహిళా పోలీసు ఎక్కడెక్కడ ఉన్నారు? ఇవి అడగకుండా 'పండగ వద్దు' అని మాత్రమే అంటే, తీరం మళ్ళీ మగవాళ్ళకే మిగులుతుంది.

స్పెయిన్ ఆడవాళ్ళు ఈ ప్రశ్న అడిగారు. 2016లో పాంప్లోనా ఉత్సవంలో ఐదుగురు మగవాళ్ళు ఒక అమ్మాయి మీద చేసిన అత్యాచారానికి కింది కోర్టు తక్కువ నేరంగా శిక్ష వేస్తే, వేలాదిమంది వీధుల్లోకి వచ్చారు. 2019లో సుప్రీంకోర్టు అది అత్యాచారమేనని శిక్ష పెంచింది. 2022లో 'అవునంటేనే అవును' అనే చట్టం వచ్చింది. అక్కడి ఉత్సవాల్లో ఇప్పుడు ఊదారంగు గుడారాలు వేస్తారు. ఇబ్బంది పడ్డ అమ్మాయి నేరుగా అక్కడికి వెళితే సాయం దొరుకుతుంది. వాళ్ళు పండుగను ఆపలేదు. పండుగలో ఆడవాళ్ళకు చోటు అడిగారు.

వెళ్ళేవాళ్ళకు నాలుగు మాటలు

స్పెయిన్, గ్రీసులకు షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు రుసుము 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీమా కాగితం పూర్తిగా చదవండి. తాగి ఉండగా జరిగిన ప్రమాదాలకు చాలా బీమాలు పైసా ఇవ్వవు.

మీ గ్లాసు మీ చేతిలోనే ఉండాలి. పక్కన పెట్టి వెళితే, తిరిగి వచ్చి దాన్ని ముట్టుకోకండి. సీలు లేని సీసాలోంచి పోసిన చౌక మద్యం జోలికి పోవద్దు. 2024 నవంబర్‌లో లావోస్‌లోని వాంగ్ వియెంగ్‌లో కల్తీ మద్యానికి ఆరుగురు విదేశీ యాత్రికులు బలయ్యారు. అందులో ఇద్దరు 19 ఏళ్ళ పిల్లలు. కలిసి వెళ్ళినవాళ్ళు కలిసే తిరిగి రావాలి. ఒకరిని వదిలి రాకూడదని ముందే ఒట్టు వేసుకోండి.

యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో అత్యవసర నంబరు 112. మన దేశంలోనూ అదే. ఏదైనా జరిగితే అక్కడి భారత రాయబార కార్యాలయానికి ఫోన్ చేయండి. మీకు రాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయకండి. లాయరునూ, దుబాసీనీ అడగండి. మన దేశంలో అయితే నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టంలో దీన్ని స్పష్టంగా రాశారు.

ఇక తల్లులకు ఒక్క మాట

ఇది నా సంగతి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డిగ్రీ రెండో ఏడు చదివేటప్పుడు కాలేజీ వాళ్ళు విశాఖ విహారయాత్రకు తీసుకెళ్ళారు. అదే నేను సముద్రం చూడడం మొదటిసారి. సాయంత్రం చీకటి పడే వేళ కాస్త వెనకబడ్డాను. ఇద్దరు మగవాళ్ళు వెంటపడ్డారు. ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తాను. చెప్పులు అలలో కొట్టుకుపోయాయని స్నేహితురాళ్ళతో అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చాక అమ్మతోనూ అదే అబద్ధం చెప్పాను. నిజం చెబితే నాన్న చదువు మాన్పించేవాడు. ఆ భయం ముందు ఆ ఇద్దరి భయం చిన్నదనిపించింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు సముద్రం పేరు ఎత్తితేనే చెమటలు పట్టేవి.

అమ్మ చెడ్డది కాదు. కానీ నేను ఆమెతో చెప్పుకోగలిగిన ఇల్లు కాదు మాది. నా కష్టం సగం అక్కడే ఉంది.

ఇదంతా కింది వాటా ఆవిడకు చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "అక్కా, మనం పొమ్మన్నా వద్దన్నా వాళ్ళు పోతరు" అంది చివరికి. "పోతారు. చెప్పి పోతారా, చెప్పకుండా పోతారా అన్నదే మన చేతిలో ఉంది. కొడుక్కి కూడా కాస్త చెప్పు. మురుకుల డబ్బాతో పాటు, తాగి ఉన్న ఆడపిల్ల కనబడితే ఇంటికి చేర్చాలి గానీ చుట్టూ చేరకూడదని" అన్నాను. మన జాగ్రత్తలన్నీ కూతుళ్ళకే చెప్పి కొడుకుల్ని వదిలేశాం. తీరాల మీద భయం అక్కడి నుంచే పుట్టింది.

ఆ పిల్ల జూన్‌లో వెళుతోంది. ముగ్గురు స్నేహితురాళ్ళు, ఎనిమిది రోజులు. టిక్కెట్లు కొన్న రోజు రాత్రి వాళ్ళమ్మ అన్న మాట నేను మెట్ల మీద నిలబడి విన్నాను: "ఏమన్న అయితే ముందుగాల నాకే ఫోన్ చెయ్యి. ఎందుకు పోయినవని అడగను, బిడ్డా."

ఆ ఒక్క మాట మీ ఇంట్లో మీ అమ్మాయితో ఎప్పుడైనా అన్నారా? అనకపోతే, ఆమె స్పెయిన్ వెళ్ళినా, పక్క వీధిలో పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా, ఈ రోజే అనండి.